అమెజాన్‌ని తిన్నదెవరు?

పోయిన వారం హాస్టల్ మీటింగ్ అయ్యాక ఒక చెల్లె పక్కకి పిలిచి అడిగింది. "అన్నా, మీలాంటి గొడ్డుమాంసం తినేవాళ్ల వల్లే అమెజాన్ అడవి తగలబడుతోందని క్లాసులో అందరి ముందూ ఒకడన్నాడు. నాకు జవాబు రాలేదు." ఆ రోజు నేనూ సగం జవాబే చెప్పాను. మిగతా సగం ఇది.

ముందు నిజం ఒప్పుకుందాం. బ్రెజిల్ అమెజాన్‌లో నరికిన అడవిలో ఎక్కువ భాగం పశువుల మేతభూమే అయింది. కానీ ఆ మాంసం మన పళ్లెంలోకి రాదు. మన దేశంలోకి గొడ్డుమాంసం దిగుమతికి అనుమతే లేదు. మన వాడలో ఆదివారం ఉడికేది ఇక్కడి గొడ్డే. కాబట్టి అడగాల్సింది ఎవరు తిన్నారని కాదు, ఆ భూమి ఎవరి చేతికి పోయిందని.

అక్కడ చాలాచోట్ల అడవి నరకడమంటే భూమి కబ్జా చేయడం. సర్కారు అడవిని తగలబెట్టు, గడ్డి చల్లు, పశువుల్ని తోలు, తర్వాత కాగితాలు పుట్టించు. అసైన్డ్ భూములు ఎలా చేతులు మారాయో చూసినవాళ్లకి ఇది కొత్త కథ కాదు.

దీనికి ఎదురు నిలబడ్డవాడు చికో మెండెస్. అక్రే రాష్ట్రంలో రబ్బరు పాలు తీసే కూలీ. బడి లేని బాల్యం, యజమాని అప్పుల ఖాతాలో బతుకు. పెద్దయ్యే వయసులో అక్షరాలు నేర్చుకుని, యూనియన్ కట్టాడు. ఆడవాళ్లు, పిల్లలు సహా కూలీలంతా రంపాలకి అడ్డం నిలబడేవాళ్లు. పాత పగలు పక్కనపెట్టి ఆదివాసులతో చేతులు కలిపారు. 1988 డిసెంబర్ 22న ఆయన్ని ఇంటి దగ్గరే కాల్చి చంపారు. 1990లో ఒక పశువుల భూస్వామికీ, అతని కొడుక్కీ 19 ఏళ్ల శిక్ష పడింది. అదే ఏడాది 9 లక్షల హెక్టార్లకు పైగా అడవిని ఆయన పేరుతో రిజర్వు చేశారు. అందులో బతికేవాళ్లని వెళ్లగొట్టకుండానే.

ఆ అడవి ఎందుకు ముఖ్యం? చెట్లు వేళ్లతో లాగిన నీళ్లని ఆకుల నుంచి గాలిలోకి వదులుతాయి. ఆ ఆవిరి వేల కిలోమీటర్లు పోయి దక్షిణాన పొలాల మీద వానై కురుస్తుంది. అడవి పోతే ఆ వాన తగ్గుతుంది. వాన తగ్గితే ముందు పని పోయేది కూలీకే.

ఇంకో లెక్క గుర్తుపెట్టుకోండి. బ్రెజిల్ అమెజాన్‌లో 2004లో ఒక్క ఏడాదిలో 27 వేల చదరపు కిలోమీటర్లకు పైగా అడవి పోయింది. 2012కి అది 5 వేల లోపుకి దిగింది. ఉపగ్రహాలతో నిఘా పెట్టారు, చట్టాన్ని అమలు చేశారు, రక్షిత ప్రాంతాలు పెంచారు. ఎవరి పళ్లెం మీదా నిషేధం పెట్టలేదు.

చెల్లే, అతను మళ్లీ అంటే తల దించకు. "నా కూర సంగతి సరే, ఆ భూమి ఎవరిదో చెప్పు" అని అడుగు. అడవి మనకి సంబంధం లేని ముచ్చట కాదు. అది భూమి ముచ్చట. భూమి ముచ్చట మనకంటే ఎవరికి ఎక్కువ తెలుసు?

జై భీమ్.