అసలు యంత్రము, మారు యంత్రము

శంఖినీ డంకినీ సంగమమున దంతెవాడలోను, జగదల్‌పూరు రాజప్రాసాదము చెంతను దంతేశ్వరీదేవికి రెండు గుళ్ళున్నను, దసరా ఉత్సవమునకు దంతెవాడనుండి పల్లకి తరలివచ్చువేళ ఏది ఎక్కడి అమ్మవారో బస్తరు వాసులలో ఒక్కరును పొరబడరు. రెండు ఊళ్ళలో నొకే రూపమున వెలసిన పెద్ద కంప్యూటర్లగు మెయిన్‌ఫ్రేములకు మాత్రము ఈ వివేకమును మనమే నేర్పవలసియున్నది.

బస్తరులో తెలుగు మాట వినవచ్చు కుంట, భోపాలపట్నం ప్రాంతములలో వృద్ధుడొకడు బ్యాంకుమిత్ర యెదుట వ్రేలిముద్ర వేసి పింఛను పుచ్చుకొన్నప్పుడు, ఆ లెక్క వ్రాసికొను యంత్రము అతడెన్నడును చూడని నగరమున నుండును. ఆ నగరమున కుపద్రవము వాటిల్లినను పని ఆగకుండుటకై వేఱొక ఊర డీఆర్ (డిజాస్టర్ రికవరీ) సైటు సిద్ధముగా నుండును. కీలక వ్యవస్థలకు ఆరుమాసముల కొకసారియైనను డీఆర్ డ్రిల్లు, అనగా పనిని ఆ సైటునకు మార్చి చూచు అభ్యాసము, జరుపవలెనని రిజర్వు బ్యాంకు విధించిన నియమము 2024 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్నది. కాని సైటుండుట వేఱు, అక్కఱకు వచ్చుట వేఱు: 2021 ఫిబ్రవరి 24న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో లావాదేవీలు పగలు 11.40కి ఆగి సాయంత్రము 3.45కు గాని మొదలుకాలేదు. ఆ నడుమ పనిని డీఆర్ సైటునకు మార్చనే లేదు.

డ్రిల్లునందలి అపాయము మఱియొకటి. అసలు కేంద్రపు డిస్కులు క్షణక్షణము నకలగుచుండుటవలన, యంత్రము మేల్కొనునపుడు చదువుకొను ఆదేశముల సంపుటియగు పార్మ్‌లిబ్ సైతము అక్షరము పొల్లుపోకుండ మారు కేంద్రమునకు, అనగా డీఆర్ సైటునకు, చేరును. దానిని చదివిన మారు యంత్రము తానే అసలని తలచి, అవే నెట్‌వర్కు చిరునామాలు పూని, రాత్రి బ్యాచి జాబులను మొదలుపెట్టి, చెల్లింపు ఫైళ్ళను బయటకు పంపినచో, అచట అసలు యంత్రము సజీవముగనే యుండగా ఒకే చెల్లింపునకు రెండు ఉత్తరువులు వెలువడవచ్చును.

ఐపీఎల్ సమయమున, అనగా యంత్రమును మేల్కొలుపునపుడు, ఆపరేటరు ఇచ్చు లోడ్ పారామీటరు ఎనిమిది అక్షరములది. మొదటి నాలుగును పరికరముల అమరికను తెలుపు ఐఓడీఎఫ్ ఉన్న డిస్కు సంఖ్య, పిమ్మటి రెండును ఆరంభ వాక్యములున్న లోడ్ మెంబరు ప్రత్యయము. డీఆర్‌కు వేఱు ప్రత్యయ మిచ్చి సరిపెట్టుకొనుట పలుచోట్ల వాడుక. అర్ధరాత్రి నిద్రకాచిన మనుష్యుని రెండక్షరములపై ఇంత భారము మోపుట నాకు సమ్మతము కాదు. లోడ్ మెంబరులోనే హెచ్‌డబ్ల్యు‌నేమ్, ఎల్‌పార్‌నేమ్ వాక్యములు వ్రాసినచో, తాను ఏ పెట్టెలో (హార్డ్‌వేరు), ఏ విభాగమున (ఎల్‌పార్) లేచినదో చూచుకొని యంత్రము తన కర్హమైన వాక్యములనే గ్రహించును. నడుచుచున్న పెట్టె పేరు డిస్కు నకలుతో తరలిరాదు గదా. రెండుచోట్లను ఎల్‌పార్‌కు ఒకే పేరు పెట్టు సోమరులకు పెట్టె పేరొక్కటే దిక్కు. ఐఈఏసిమ్ మెంబరులోను ఇట్లే సిమ్‌డెఫ్‌తో స్థానమును తెలుపు ఒక సింబలును నిర్ణయించి, టీసీపీ ఐపీ ప్రొఫైలు మొదలు షెడ్యూలరు వఱకు దానినే వాడవచ్చును.

స్థానమును యంత్రము చెప్పుకొనవచ్చునే గాని, నేడు జరుగునది డ్రిల్లో నిజమైన ఉపద్రవమో చెప్పవలసినది బాధ్యతగల అధికారియే. అతడు చెప్పువఱకు మారు యంత్రమునకు చెల్లింపు ద్వారములు మూసియుండవలయును. మన బ్యాంకులలో పెక్కింటికి మెయిన్‌ఫ్రేములు లేకున్నను చిక్కు ఇదియే. డ్రిల్లు ఎన్ని గంటలలో ముగిసెనో వ్రాసి సంతసించు నివేదికలలో, తాను మారు యంత్రమని దానికెట్లు తెలిసెనో కూడ వ్రాయవలెనని రిజర్వు బ్యాంకు ఇకనైన శాసింపవలయును.