చీజ్ డబ్బాకు సలామ్, చక్కా గిన్నెకు షర్మా?

పోయిన రంజాన్‌లో ఒక రిష్తేదారు ఇంటికి ఇఫ్తార్‌కు పోతూ చక్కా చేసుకుని పోయాను. పెరుగును మల్మల్ గుడ్డలో కట్టి రాత్రంతా వేలాడదీస్తే నీళ్ళు కారిపోయి మెత్తటి ముద్ద మిగుల్తుంది కదా, అదే. ఉప్పు కలిపి పైన సన్నగా తరిగిన పుదీనా, దంచిన జీరా, చిటికెడు కలోంజీ చల్లాను. ఇంటామె మూత తీసి చూసి, ‘దహీయా బాజీ? సహర్‌కు పెట్టుకుంటాంలే’ అని ఫ్రిజ్‌లోకి నెట్టింది. దస్తర్‌ఖాన్ నిండా చీజ్ బాల్స్, చీజ్ సమోసాలు, చీజ్ నగ్గెట్లు. ఆ రాత్రి తరావీహ్ మధ్యలో మా చిన్నోడు మూడుసార్లు నీళ్ళకు లేచాడు.

నా గుస్సా గిన్నె గురించి కాదు. సరే, కొంచెం దాని గురించి కూడా.

ఆ ‘దహీ’నే ఫలస్తీన్‌లో, లెబనాన్‌లో లబ్నా అంటారు. జైతూన్ నూనె పోసి, జాతర్ చల్లి రొట్టెతో తింటారు. జాతర్‌లో ఉండేది మన వాము వాసన తెచ్చే ఒక ఆకు, నువ్వులు, పుల్లటి సుమాక్. నేను ఇంట్లో వాము, వేయించిన నువ్వులు, ఆమ్‌చూర్ కలిపి దంచుతాను. అది జాతర్ అని ఝూట్ చెప్పను గానీ చక్కా మీద చల్లితే గిన్నె నాకేస్తారు. ఇరాన్‌లో ఇఫ్తార్ అంటే ఖజూర్, చాయ్‌తో పాటు నాన్, తెల్ల పనీర్, పచ్చి రేహాన్, పుదీనా, ముల్లంగి, అఖ్రోట్. అసలు పనీర్ అనే మాటే ఫార్సీది. ఎండాకాలంలో ఫలస్తీన్‌లో, తుర్కీలో ఉప్పటి తెల్ల చీజ్‌ను తర్బూజ్ ముక్కతో తింటారు. ఉప్పు పండు తీపిని లేపుతుంది, పండు నీళ్ళు నోట్లో జిడ్డును కడిగేస్తాయి. రోజా విప్పే నోటికి ఇంతకన్నా ఏం కావాలి?

మెత్తటి చీజ్‌కు తనదంటూ పెద్ద రుచి ఉండదు. పక్కన ఆకో, మసాలానో, పండో ఉంటేనే దానికి జాన్. డబ్బాలో వచ్చే ప్రాసెస్డ్ చీజ్‌లో ముందే ఉప్పు దట్టంగా ఉంటుంది. దాన్ని పిండిలో ముంచి నూనెలో తేలిస్తే ఇక పుదీనాకు చోటెక్కడ? మిగిలేది ప్యాస్ ఒక్కటే.

‘పిల్లలు అడుగుతున్నారు’ అంటారు. పిల్లలు మన దస్తర్‌ఖాన్ చూసే నేర్చుకుంటారు. మనం దేన్ని ముందు పెట్టి, దేన్ని ఫ్రిజ్‌లోకి నెడుతున్నామో వాళ్ళకు బాగా తెలుసు.

మా గల్లీలో బట్టలు కుట్టే ఒక ఆపా ఉంది. అత్తగారి తరఫు వాళ్ళు ఇఫ్తార్‌కు వస్తున్నారని కిరాణా షాపులో చీజ్ డబ్బా, నగ్గెట్ల ప్యాకెట్ ఉద్దర తెచ్చింది. ఈద్ అయిపోయాక కూడా ఆ ఉద్దర తీరుస్తూనే ఉంది. ఇంట్లో కిలో పెరుగు ఉంది, కుండీలో పుదీనా ఉంది. ‘అది పెడితే ఇజ్జత్ ఉంటుందా బాజీ?’ అంది నాతో. ఆమెకు ఆ మాట నేర్పింది ఎవరు? పెద్ద పెద్ద దావత్‌లు చేసి ఫోటోలు పెట్టే మనమే. చీజ్ హరామ్ అని నేనెక్కడా అనడం లేదు. ఈ నఖ్రా ఖర్చు మాత్రం బీదింటి మీద పడుతోంది, దానికి జవాబు మనమే చెప్పుకోవాలి.

వచ్చే రంజాన్‌కు అదే ఇంటికి మళ్ళీ చక్కా తీసుకుపోతా. ఈసారి ఖజూర్ గింజ తీసేసి లోపల చక్కా నింపి, పైన ఇలాచీ పొడి, ఒక పిస్తా పలుకు. తర్బూజ్ ముక్కలు వేరే డబ్బాలో. ఫ్రిజ్ తలుపు దగ్గర నేనే నిలబడతా.