లోహపు అలసటకూ లెక్క ఉండాలి

ఒక్కసారి మోపిన బరువుకు చెక్కుచెదరని లోహం, అంతకన్నా తక్కువ బరువే వేలసార్లు పడితే విరిగిపోవచ్చు. 1954లో రెండు కామెట్ జెట్ విమానాలు గాలిలోనే ముక్కలై 56 మంది చనిపోయాక గానీ విమానరంగానికి ఈ సంగతి పూర్తిగా తలకెక్కలేదు. బ్రిటన్‌లోని ఫార్న్‌బరోలో మరో కామెట్‌ను నీటితొట్టిలో దించి, లోపలి ఒత్తిడిని పెంచుతూ తగ్గిస్తూ పోయారు. 3,057వ విడత దగ్గర ఆ విమానం ఒళ్లు చీలింది. వాటిలో 1,221 విడతలు అది నిజంగా ఎగిరినవే! ఆ పరీక్ష ముందే ఇంత నిక్కచ్చిగా జరిగి ఉండాల్సింది.

నేడు ఎయిర్‌బ్యాగును విప్పే సెన్సర్‌లో కదిలే భాగాలు వెంట్రుకకన్నా సన్నం. పెద్ద దిమ్మెను పరీక్షించగా తేలిన అలసట అంకెను వాటికి అంటగట్టడం తప్పు. ఆ మందంలోనే, కోట్లసార్లు ఊపి చూడాలి. ప్రాణాలు ఆధారపడిన పరికరాలకు ఆ ఫలితాలను బయటపెట్టడం తప్పనిసరి చేయాలి.