పసరు వాంతికి ముహూర్తం చూడొద్దు

పురిటి బిడ్డ పాలు కక్కితే ఇంట్లో ఎవరూ కంగారు పడరు, పడనక్కర్లేదు కూడా. భుజం మీద పడిన విరిగిన పాలు తుడిచేసి, కాసేపాగి మళ్ళీ పాలిస్తారు. అదే వాంతి ఆకు పసరులా పచ్చగా పడితే లెక్క వేరు. అరగలేదేమోనని గ్రైప్ వాటర్ పట్టడం, దిష్టి తీయడం, పొద్దున చూద్దాంలే అనుకోవడం అక్కడ పనికిరావు.

పైత్యరసం పేగులో కలిసేది పొట్ట దాటిన కాస్త దూరంలోనే. వాంతిలో ఆ రంగు కనిపించిందంటే, దానికి దిగువన ఎక్కడో దారి మూసుకుందేమోనని అనుమానించాలి. అన్నిటికంటే భయపడాల్సింది పేగు మెలిక. గర్భంలో ఆరో వారానికి పేగు చోటు చాలక బొడ్డుతాడులోకి జరుగుతుంది. పదో వారంలో లోపలికి తిరిగొస్తుంది. ఈ రాకపోకల్లో మొత్తం 270 డిగ్రీలు తిరిగి, వెనక గోడకి వెడల్పుగా అతుక్కుంటుంది. దాదాపు 500 మందిలో ఒకరికి ఈ తిరుగుడు సరిగా జరగదంటారు. చాలామందికి ఏ ఇబ్బందీ రాదు. కొందరికి మాత్రం, ఎక్కువగా పుట్టిన మొదటి నెలలోనే, సన్నటి మొదలు మీద వేలాడే చిన్నపేగంతా మెలిపడి రక్తం ఆగిపోతుంది. ఇక చేతిలో ఉండేవి గంటలే. పేగు కుళ్ళితే కోసి తీసేయాలి. మిగిలింది మరీ పొట్టిదైతే ఆ బిడ్డకి నెలల తరబడి ఆహారం రక్తనాళంలోంచే.

మోసమెక్కడంటే, మొదట్లో పొట్ట మెత్తగానే ఉంటుంది. మలం కూడా పోతుంది. చూసినవాళ్ళకి బిడ్డ బాగానే ఉన్నట్టుంటుంది.

బోస్టన్ సర్జన్ విలియం లాడ్ 1936లో వివరించిన ఆపరేషనే ఇప్పటికీ దీనికి దిక్కు. ఆయన తెలివి నాకు భలే నచ్చుతుంది. పేగుని ఉండాల్సిన చోటికి చేర్చాలని పంతం పట్టలేదు. మెలిక విప్పి, అడ్డుపడే పొరలు కోసి, చిన్నపేగుని కుడివైపు, పెద్దపేగుని ఎడమవైపు సర్దేయమన్నాడు. సాధారణంగా అపెండిక్స్ కూడా తీసేస్తారు. ఎడమపక్కకి చేరిన అపెండిక్స్ రేపు వాస్తే ఏ డాక్టరు పోల్చుకుంటాడు?

ఇక తల్లిని ఆడిపోసుకోవడం ఒకటి. గ్రహణంలో కత్తిపీట ముట్టింది, బొప్పాయి తింది అంటారు. పసరు వాంతికి ఇంకో కారణం, పేగు మధ్యలో తెగి మూసుకుపోయి పుట్టడం. అలాంటి పిల్లల సంగతి తేల్చడానికి 1955లో కేప్‌టౌన్‌లో సర్జన్లు లౌ, క్రిస్టియన్ బర్నార్డ్ కలిసి కుక్క కడుపులోని కూనలకి పేగు రక్తనాళాలు కట్టేసి చూశారు. (తర్వాత గుండె మార్చిన బర్నార్డే.) కూనలు అచ్చం అలాంటి పేగుతోనే పుట్టాయి. కడుపులో ఉండగా పేగుకి రక్తం అందకపోతే ఇలా అవుతుందన్నమాట. ఇందులో కత్తిపీట పాపమేమీ లేదు.

నేను చూసిన డిశ్చార్జి కాగితాల్లో టీకాల తేదీలుంటాయి, తల్లి మాత్రల లెక్క ఉంటుంది, పసరు వాంతి సంగతి ఉండదు. ఎర్ర సిరా ముద్ర ఒకటి వేయడానికి ఆసుపత్రులకి అయ్యే ఖర్చెంత? పచ్చగా కక్కితే పాలు పట్టకండి, ఆ గుడ్డ ఉతక్కుండా వెంట తెండి, పిల్లల సర్జన్ ఉన్న చోటికే వెళ్ళండి, 108కి ఫోన్ చేసినప్పుడే వాంతి రంగు చెప్పండి అని.