మూత్రపిండ మార్పిడికి ముందే జరగవలసిన పరీక్ష



మార్పిడి చేసిన మూత్రపిండం చెడిపోతే శరీరం దాన్ని తిరస్కరించిందనే అందరూ అనుకుంటారు గాని, థ్రాంబోటిక్ మైక్రోయాంజియోపతి అనే మరో కారణం గురించి రోగుల కుటుంబాలకు తెలిసింది చాలా తక్కువ. ఈ స్థితిలో సన్నని రక్తనాళాల లోపొర దెబ్బతిని, అక్కడ ప్లేట్‌లెట్లు పేరుకుని గడ్డలు కట్టడంతో, ఆ ఇరుకులో పోయే ఎర్ర రక్తకణాలు చిట్లిపోతాయి, రక్తం చాలక మూత్రపిండం దెబ్బతింటుంది. కొందరిలో ఇది కొత్త మూత్రపిండానికే పరిమితమై, ప్లేట్‌లెట్ల సంఖ్య మామూలుగానే ఉండి, మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ మాత్రమే రక్తంలో పెరుగుతుంది కనుక, చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీ లేనిదే నిర్ధారణ కాదు. తిరస్కరణను ఆపడానికి ఇచ్చే టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ మందులే కొందరిలో ఈ నాళాలను గాయపరచడం మరీ బాధాకరం. యాంటీబాడీల వల్ల వచ్చే తిరస్కరణ, కొన్ని వైరస్‌లు కూడా ఇందుకు దారితీస్తాయి.

అయితే ముందే పసిగట్టదగిన కారణం ఒకటుంది. రోగనిరోధక వ్యవస్థలో భాగమైన కాంప్లిమెంట్ ప్రోటీన్లు అదుపు తప్పి సొంత రక్తనాళాలనే దెబ్బతీసే జబ్బును ఎటిపికల్ హిమోలిటిక్ యూరిమిక్ సిండ్రోమ్, క్లుప్తంగా ఎటిపికల్ హెచ్‌యూఎస్ అంటారు. కాంప్లిమెంట్‌ను అదుపులో ఉంచే ఫ్యాక్టర్ హెచ్ అనే ప్రోటీన్ ప్రధానంగా కాలేయంలో తయారవుతుంది కాబట్టి, దాని జన్యువులో లోపం ఉన్నవారికి మూత్రపిండం మార్చినంత మాత్రాన ఆ లోపం పోదు, జబ్బు కొత్త మూత్రపిండానికీ తిరిగి వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ.

మన దేశంలో మూత్రపిండ దాతల్లో ఎక్కువమంది బతికున్న దగ్గరి బంధువులే కావడంతో ఈ విషయం మరింత బరువైనది. తల్లి, తండ్రి, తోబుట్టువులు అదే లోపాన్ని మోస్తూ ఉండవచ్చు. అలాంటివారు దానం చేస్తే ఆ తర్వాత వారికీ ఈ జబ్బు బయటపడే ప్రమాదం ఉంది. భార్యో భర్తో దానం చేస్తే రక్తసంబంధం ఉండదన్న ధీమా కూడా మేనరికాలు నడిచే తెలుగు కుటుంబాల్లో అన్నివేళలా చెల్లదు.

మధుమేహం వంటి స్పష్టమైన కారణంతో మూత్రపిండాలు పోయిన ప్రతివారికీ కాంప్లిమెంట్, జన్యు పరీక్షలు చేయాలని ఎవరూ కోరరు. కానీ గతంలో హెచ్‌యూఎస్ వచ్చినవారికి, ప్రసవం దరిదాపుల్లో థ్రాంబోటిక్ మైక్రోయాంజియోపతి లక్షణాలతో మూత్రపిండాలు దెబ్బతిన్న స్త్రీలకు, కుటుంబంలో ఇటువంటి జబ్బు ఉండి కారణం తేలకుండానే డయాలసిస్‌కు చేరినవారికి, దాతను నిర్ణయించకముందే ఈ పరీక్షలు జరగాలి. పరీక్షలో లోపం కనబడనంత మాత్రాన ప్రమాదం లేదని చెప్పలేకపోయినా, కనబడితే దాత ఎంపికా, మందుల ప్రణాళికా మారతాయి. పరీక్షల ఖర్చు ఎక్కువన్న అభ్యంతరం నిలవదు, ఎందుకంటే జబ్బు తిరగబెడితే వాడవలసిన, 2011లో అమెరికా ఈ జబ్బుకు ఆమోదించిన ఎకులిజుమాబ్ ప్రపంచంలోని అత్యంత ఖరీదైన మందుల్లో ఒకటి, మన సామాన్య కుటుంబాలకు అందనిది.

అందువల్ల రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య పథకాలు ఇటువంటి రోగులకూ దాతలకూ ఈ పరీక్షల ఖర్చును మార్పిడి ఖర్చులో భాగంగానే పూర్తిగా భరించాలి. మూత్రపిండం ఇవ్వడానికి సిద్ధపడిన బంధువులు సంతకం చేయకముందు, రోగికి అసలు జబ్బు దేనివల్ల వచ్చిందో వైద్యులను తప్పక అడగాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు