మూగజీవి సాక్ష్యం మూతపడకూడదు

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మధుమేహం దేశ సగటున 11.4 శాతం వయోజనుల్లో ఉండగా, పుదుచ్చేరిలో అది 26.3 శాతం. నలుగురిలో ఒకరికి చక్కెర జబ్బు ఉన్నచోట, వేలికి సూది గుచ్చుకునే బాధ తప్పించి, చర్మం కిందే ఉండి నెలల తరబడి గ్లూకోజ్‌ను కొలిచే సెన్సార్‌పై ఆశ పెట్టుకోవడం సహజమే కాని, దానిని మనుషులకు అమర్చేముందు జంతువులపై జరిగే పరీక్షలు ఏమి తేల్చగలవో, ఏమి తేల్చలేవో కూడా తెలియాలి.

పరాయి వస్తువు లోపల చేరితే శరీరం ఊరుకోదు. ముందుగా ప్రోటీన్లు దాని ఉపరితలానికి అంటుకుంటాయి, తరువాత మాక్రోఫేజులనే భక్షక కణాలు చుట్టుముడతాయి, చివరికి కొల్లాజెన్ పీచులతో దట్టమైన పొర ఏర్పడి దానిని వేరుచేస్తుంది. ఆ పొరలో రక్తనాళాలు తక్కువ కావడంతో గ్లూకోజ్ ఆలస్యంగా చేరి, పరికరం చెడిపోకుండానే లెక్క తప్పుతుంది. అమెరికాలో 2018లో అనుమతి పొందిన ఎవర్‌సెన్స్ సెన్సార్‌కు వాపును అణచే డెక్సామెథసోన్ మందు గల చిన్న వలయాన్ని అమర్చింది అందుకే.

గాజుపాత్రలో పెంచిన కణాల్లో ఈ క్రమమంతా కనిపించదు కనుక ప్రాణమున్న దేహం అవసరమవుతోంది. ఎలుక చర్మం వదులుగా ఉండి, గాయం ముడుచుకుపోతూ మానుతుంది. పంది చర్మం మందంలోనూ మానే తీరులోనూ మనిషి చర్మానికి దగ్గరగా ఉంటుంది. శాస్త్రవేత్త డేవిడ్ గాఫ్ బృందం 2010లో ప్రకటించిన పరిశోధనలో ఇలాంటి గ్లూకోజ్ సెన్సార్ ఒక పందిలో 222 రోజులు, మరొకదానిలో 520 రోజులు పనిచేసింది. దీర్ఘకాలం పనిచేయడం సాధ్యమేనని ఇది రుజువు చేసింది కాని, పుదుచ్చేరి గోరిమేడులోని జిప్మర్ ఆసుపత్రికి వచ్చే వేర్వేరు వయసుల రోగులందరిలోనూ అలాగే పనిచేస్తుందని రెండు జంతువులు హామీ ఇవ్వలేవు.

1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర కమిటీ, సంస్థల్లోని జంతు నైతిక సంఘాలు జంతువుల సంఖ్యను, నొప్పి తగ్గించే ఏర్పాట్లను పరిశీలిస్తాయి. 2017 నాటి వైద్య పరికరాల నియమాలు కొత్త పరికరానికి జంతు పరీక్షల సమాచారం అడుగుతాయి. అయితే విఫలమైన ప్రయోగాన్ని ప్రచురించి తీరాలని ఇవి నిర్బంధించవు కనుక, ఒకచోట పనికిరాదని తేలిన సెన్సార్ పూతనే మరొకచోట మరికొన్ని జంతువులపై పరీక్షించే అవకాశం మిగిలిపోతోంది. మూగజీవి పడిన బాధకు సమర్థన దాని వల్ల తెలిసిన విషయమే అయినప్పుడు, ఆ విషయాన్ని బీరువాలో దాచడం ఆ సమర్థననే పోగొడుతుంది. ఎన్ని జంతువులు, ఎన్ని రోజులు, సెన్సార్‌ను తీసినప్పుడు దాని చుట్టూ ఉన్న పొర మందం ఎంత, ఆగిపోవడానికి కారణమేమిటి అనే నాలుగు వివరాలను ఫలితం ఎటు వచ్చినా ప్రకటిస్తామన్న రాతపూర్వక హామీని నైతిక సంఘాలు అనుమతికి ముందే తీసుకోవాలి. అందుకు కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు.