సంధి పత్రంపై స్త్రీ సంతకం

‘యుద్ధం చేసినది పురుషులు, సంధి మాట్లాడవలసినదీ వారే. అక్కడ స్త్రీలకు పనేమిటి?’ అనే మాట మన సమావేశాలలో తరచు వినబడుతున్నది. పైగా దానిని ధర్మం పేరుతో చెబుతున్నారు. మేము అంగీకరించలేము.

హుదైబియా ఒప్పందాన్ని వేదికలపై వర్ణించేవారు చాలామంది కథను సగంలోనే ఆపుతారు. ఒప్పందం కుదిరాక ఖుర్బానీ ఇచ్చి శిరోముండనం చేయించుకొమ్మని దైవప్రవక్త (స) మూడుసార్లు చెప్పినా, దుఃఖంలో ఉన్న సహచరులు లేవలేదు. ఆయన ఆ సంగతి హజ్రత్ ఉమ్మె సలమా (రజి)తో చెప్పారు. ఎవరితోనూ మాట్లాడక ముందుగా మీ ఒంటెను మీరే జిబహ్ చేసి, శిరోముండనం చేయించుకొనండని ఆమె సలహా ఇచ్చారు. ఆయన అట్లే చేశారు. అది చూసి అందరూ లేచారు. సహీహ్ బుఖారీలో ఉన్న ఈ వృత్తాంతం మన పెద్దలకు తెలియనిది కాదు.

ఇక మన కాలానికి వద్దాం. ఫిలిప్పీన్స్‌లోని మిందనావో ప్రాంతపు మోరో ముస్లిములు మనవలెనే అల్పసంఖ్యాకులు. దశాబ్దాల సాయుధ పోరాటంలో అక్కడ లక్షకు పైగా ప్రాణాలు పోయాయి. 2014 మార్చి 27న మనీలాలో సమగ్ర ఒప్పందం కుదిరినపుడు ప్రభుత్వ బృందానికి నాయకత్వం వహించి సంతకం చేసినది మిరియం కొరొనెల్ ఫెర్రర్ అనే మహిళా ఆచార్యురాలు. ఆ బృందంలో యాస్మిన్ బుస్రాన్ లావో అనే మోరో ముస్లిం మహిళ కూడా ఉన్నారు. మరి మోరో ఇస్లామిక్ లిబరేషన్ ఫ్రంట్ పక్షాన? సంతకం చేసినవారిలో ఒక్క స్త్రీ లేదు. న్యాయవాది రైసా జజూరీ వంటి సమర్థురాలు సలహాలకే పరిమితమయ్యారు. ముస్లిం మహిళను చర్చల బల్ల దగ్గర కూర్చోబెట్టినది ఎదుటి పక్షం! ఈ మాట రాయడానికి మాకు కష్టంగానే ఉన్నది. అయితే 2012 నాటి ముసాయిదా ఒప్పందంలోనే స్త్రీల రాజకీయ భాగస్వామ్యపు హక్కు, హింస నుండి రక్షణ చేరాయి. 2019లో ఏర్పడిన బంగ్సామోరో ప్రభుత్వంలో ఆ జజూరీ గారే మంత్రి అయ్యారు.

దోహాలో 2020 సెప్టెంబరున కాబూల్ బృందంలోని 21 మందిలో నలుగురు స్త్రీలున్నారు కదా, ఫలితమేమిటని కొందరు అడుగుతారు. అసలు బేరం అదే సంవత్సరం ఫిబ్రవరి 29న అమెరికాకు, తాలిబాన్‌కు మధ్య ముగిసిపోయింది. తీర్పు వ్రాశాక సాక్షులను పిలిచినట్లున్నది. నేడు అక్కడ ఆరవ తరగతి దాటిన బాలికలకు బడి లేదు.

మన సంగతేమి? ప్రభుత్వ గుమస్తాలుగా మేము శాంతి సంఘాల హాజరు పట్టికలు వ్రాశాము. ఉద్రిక్తత తగ్గాక టీ, బిస్కెట్ల నడుమ జరిగే ఆ సమావేశాలలో ఒక్క స్త్రీ పేరూ వ్రాసిన జ్ఞాపకం లేదు. కొడుకు బెయిలు కోసం కోర్టు మెట్లెక్కినదీ, కాలిన దుకాణం ముందు నిలబడి నష్టం లెక్క చెప్పినదీ మాత్రం తల్లులే. ఇందుకు అధికారులను నిందించలేము, పేర్లు పంపినది మన కమిటీలే. ఈసారి జాబితా అడిగినపుడు మసీదు కమిటీలు కనీసం ఇద్దరు స్త్రీల పేర్లు పంపాలి. పంపకపోతే కారణం జుమా నాడు జమాత్ ముందు చెప్పాలి.